తూటా పడే వైపు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇది: ఎవడో లోయ అవతలి నుంచి కాల్చి, గాయపరిచి వదిలేసిన ఎల్క్‌ను వెతుక్కుంటూ మా ఆయన హోలిస్ ఒంటరిగా అడవిలోకి వెళ్లడం, ఇంటికి తిరిగి రాకపోవడం.

ఊరికే పుట్టిన భయం కాదు. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. కడుపులో తూటా దిగినా వెంటనే పడదు. నడుచుకుంటూ పోయి, పడిపోయిన మానుల మధ్య ఎక్కడో దూరి పడుకుంటుంది. అది ఎక్కడ పడుకుందో మా వయోమింగ్ కొండల్లో గ్రిజ్లీ ఎలుగుకు మనిషికంటే ముందే తెలుస్తుంది. మా విన్నీ ఇప్పుడిప్పుడే కుర్చీ పట్టుకుని నిలబడుతోంది. గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైతే చాలు, చేతులు వదిలేసి కూలబడి నవ్వుతుంది. ఆ చప్పుడు ఒక సాయంత్రం వినిపించకపోతే ఏమిటన్నది నేను రోజూ ఆలోచించే విషయం.

ఆ 'ఎవడో' అన్నవాడికి పేరుంది. బ్రాంట్. మా అక్క డార్లా మొగుడు. టౌనులో మంచు మీద నడిచే మోటారుబళ్లు అమ్ముతాడు. పోయిన చలికాలం ఒక కొత్త తుపాకీ కొన్నాడు. దాని మీద ఉన్న దుర్భిణి మా విన్నీ కంటే పొడుగుంటుంది. అది వచ్చినప్పటి నుంచి బ్రాంట్ నోట గజాలు తప్ప మాట లేదు. ఆరువందల గజాలు, ఏడువందల గజాలు. పూర్వం మా మగాళ్లు కొమ్ములు చూపించి గొప్పలు చెప్పుకునేవాళ్లు. అది గొప్పేమీ కాదు గానీ, ఆ కొమ్ములు మోసుకురావడానికైనా నడుం వంచేవాళ్లు. ఇప్పుడు దూరం చెప్పి గొప్పలు. దూరానికి బరువుండదు కదా, మోయనక్కర్లేదు.

మా తాత ఆరిన్ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వేట మొదలయ్యే ముందటి ఆదివారం అందరం అక్కడికి చేరతాం. తాత పాన్‌కేకులు వేస్తాడు, సాసేజ్ వేయిస్తాడు. కాగితం ప్లేట్లలో తింటాం. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్లు సిరప్ తుడుచుకుని పట్టుకెళ్లి, కంచె అవతల గడ్డి మోపుకు గుచ్చాలి. వీపున బరువు సంచి వేసుకుని గేటుదాకా పరుగెత్తి, మళ్లీ గట్టెక్కి రావాలి. ఆ రొప్పుతోనే నేల మీద పడుకునో, మోకాలి మీద కూర్చునో ఒకే ఒక్క తూటా కాల్చాలి. బల్ల ఉండదు, ఇసుక సంచి ఉండదు, 'ఆగండి, ఇంకోసారి' ఉండదు. తగిలితే ప్లేటు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. తప్పితే అంతకుముందు తగిలిందే ఆ ఏటికి నీ దూరం. ఎల్క్ ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారుగా ఆ ప్లేటంతే మరి. ఆ దూరం అవతల ఎంత పెద్ద కొమ్ములు నిలబడి మనవైపు చూసినా తుపాకీ ఎత్తకూడదు. చిల్లుపడ్డ ప్లేట్లను తాత షెడ్డు గోడకు మేకు కొట్టి పెడతాడు.

తాత దూరం ఏటేటా ఇంటివైపు నడిచివస్తోంది. కళ్లు మసకబారుతున్నాయి. ఈసారి కోళ్ల గూడు దాటలేదు.

"తాతా, ఇంకో రెండేళ్లు ఆగితే వంటింటి కిటికీలోంచే కాల్చొచ్చు," అన్నాడు హోలిస్.

"అప్పటికి ఎల్క్‌నే కాఫీకి పిలుస్తాలేరా," అన్నాడు తాత, తన ప్లేటుకు మేకు కొట్టుకుంటూ.

నా వంతు వచ్చింది. పోయినేడు నా దూరం రెండువందల గజాలు. ఈసారి గేటుదాకా పరుగెత్తేసరికి చొక్కా ముందంతా పాలతో తడిసిపోయింది. రెండువందల దగ్గర తూటా ప్లేటు పక్కన గడ్డిలోకి పోయింది.

"పాలిచ్చే తల్లిని పరుగెత్తించి మరీ లెక్కేస్తారా? దానికి రెండువందలే రాయండి," అంది డార్లా.

"ఎల్క్‌కి దాని పాలతో పనేంటమ్మా? నూట యాభై," అన్నాడు తాత.

నాకు కోపం రాలేదు. నూట యాభై అంటే నూట యాభై. హోలిస్ రెండువందల యాభై దగ్గర కొట్టాడు, ఆపైన తప్పాడు, ఇంకొక పాన్‌కేకు తినడానికి లోపలికి పోయాడు.

బ్రాంట్ పరుగెత్తలేదు. పికప్ వెనక తలుపు తీసి పెట్టె దించాడు. తుపాకీకి కాళ్లు బిగించాడు, దాని కింద దిండు పెట్టాడు, తన కింద చాప పరిచాడు. చేతిలో పట్టుకునే బుల్లి గాలిమర ఒకటి తీసి గాలికి చూపించాడు. ఫోన్లో దూరం, గాలి లెక్కలేవో నొక్కాడు. మా విన్నీని కారు సీట్లో కట్టడానికి కూడా నాకు అంత సరంజామా పట్టదు.

"పరుగు సంగతేంట్రా?" అన్నాడు తాత.

"నా పద్ధతిలో పరుగు లేదు తాతా. ఎల్క్ దగ్గరికి నేను వెళ్లను. తూటాయే వెళ్తుంది."

"తూటా వెళ్తుంది సరే. దాని వెనకాల వెళ్లేదెవరు?"

"పడ్డాక వెళ్తాంగా."

"పడకపోతే?"

"పడకపోతే తగల్లేదని."

బ్రాంట్ ఎదుటి గుట్ట మీద వేలాడదీసిన ఇనప రేకును ఆరువందల గజాల నుంచి మూడుసార్లు గంటలా మోగించాడు. ఆకు కూడా కదలని ఉదయం అది. మోగినప్పుడల్లా మా అందరి మొహాలూ చూశాడు. డార్లా చప్పట్లు కొట్టింది, పాపం, ఇంటికి వెళ్లాక ఆ మనిషితో ఉండాల్సింది తనే కదా.

"బానే కొట్టావు. ఆ రేకు ఒక్క అడుగైనా వేసిందా?" అన్నాడు తాత.

"తాత పాతకాలం మనిషి," అని బ్రాంట్ అందరి వైపూ కన్ను కొట్టాడు. అతని కాగితం ప్లేటు సిరప్‌తో బల్ల మీదే ఉండిపోయింది. కుక్క నాకి శుభ్రం చేసింది. తాత దాన్ని తీసి షెడ్డులో ఒక పక్కన పెట్టాడు.

ఇంటికి బయల్దేరేటప్పుడు తాత పికప్ అద్దంలోంచి తల లోపలికి పెట్టి బ్రాంట్‌తో ఒక మాటన్నాడు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతున్నదే. "తగిలిందనిపించినా, తప్పిందనిపించినా కాల్చిన చోటికి నడిచి వెళ్లి చూసి రావాలి. నడవనంటావా, అది నీ దూరం కాదు."

"అలాగే తాతా, అలాగే," అన్నాడు బ్రాంట్, అద్దం పైకెత్తుకుంటూ.

వేట మొదలైన రోజు విన్నీని డార్లా దగ్గర వదిలి నేనూ వెళ్లాను. హోలిస్, బ్రాంట్, నేను. ఎండ కొండల మీదికి వచ్చేసరికి సారెల్ క్రీక్ వాగు పైన గుట్ట అంచుకు చేరాం. లోయకు అవతలి వాలు మీద, కాలిపోయిన చెట్ల కింద ఎల్క్ మంద మేస్తోంది. అందులో ఒక పోతు. దాని కొమ్ములు వీపుదాకా ఒంగి ఉన్నాయి.

"కిందికి దిగి, వాగు దాటి, ఆ చెట్ల చాటున ఎక్కుదాం," అన్నాడు హోలిస్ గుసగుసగా. "మధ్యాహ్నానికి మన దూరంలోకి వస్తుంది."

బ్రాంట్ అప్పటికే బోర్లా పడుకున్నాడు. "మధ్యాహ్నమా? ఇది నా దూరంలోనే ఉంది. ఆరువందల నలభై. గాలి సున్నా."

"గాలి నీ ముక్కు దగ్గర సున్నా. లోయ మధ్యలో ఆ గడ్డి ఎలా ఒంగుతోందో చూడు."

"నువ్వు కాసేపు నోరు మూసుకో హోలిస్. నీ ఊపిరికే నా తుపాకీ కదుల్తోంది."

"బ్రాంట్, వద్దు," అన్నాను నేను.

తుపాకీ పేలింది.

తూటా అక్కడికి చేరేలోపు పోతు ఒక అడుగు ముందుకు వేసింది. మేసే జంతువు ఇంకేం చేస్తుంది? ఫోన్లో ఆ అడుగుకు లెక్క లేదనుకుంటా. నా కళ్లకు బైనాక్యులర్స్ ఉన్నాయి. పోతు వీపు విల్లులా పైకి ఒంగింది. కాళ్లు ఎడంగా పెట్టి అలాగే నిలబడింది. మందంతా పైకి పరుగెత్తి గుట్ట దాటిపోయింది. అదొక్కటే, పరుగెత్తకుండా, మెల్లిగా కిందికి నడిచి చీకటి చెట్లలోకి పోయింది.

అలా ఒంగి, మందను విడిచి, ఒంటరిగా కిందికి పోయిందంటే కడుపులో తగిలిందని అర్థం. ఇది మా ఊళ్లో పాల పళ్లు ఊడని పిల్లలకు కూడా తెలుసు. బ్రాంట్‌కీ తెలుసు. అందరికంటే పెద్ద దుర్భిణిలో చూసింది అతనే.

"తప్పింది," అన్నాడు. "పైనుంచి పోయింది."

"వీపు ఒంచింది బ్రాంట్."

"చప్పుడుకి ఉలిక్కిపడింది."

"మంద పైకి పోతే అది కిందికి పోయింది."

"నీకు అన్నీ అనుమానాలే. పిల్ల తుమ్మితే ఆస్పత్రికి పరుగెత్తే మనిషివి."

తప్పిందని ఎందుకన్నాడో చెబుతాను. మాలో ఒక్కొక్కరికి సర్కారు ఏటికి ఒక్క వేట చీటీ ఇస్తుంది. ఒక చీటీకి ఒక ఎల్క్. సర్కారు లెక్క ఎలా ఉన్నా, మా వైపు లెక్క వేరు: రక్తం చిందించావంటే నీ చీటీ అయిపోయినట్టే, అది దొరికినా దొరక్కపోయినా. తప్పిందన్నంతసేపూ మాత్రం చీటీ జేబులో మడత నలగకుండా ఉంటుంది. బ్రాంట్ గారి మోకాళ్లు కూడా నలగవు.

హోలిస్ సంచి భుజాన వేసుకున్నాడు. "చూసొస్తా."

"ఏం చూస్తావ్, గడ్డా?"

"గడ్డి మీద రక్తం లేదని చూసొస్తా. లేకపోతే నీకే మంచిది కదా."

కడుపులో తగిలినదాన్ని వెంటనే తరమకూడదు. తరిమితే కొండలు దాటిపోతుంది. సాయంత్రందాకా దాన్ని పడుకోనిచ్చి, అప్పుడు వెతకాలి. అంటే హోలిస్ ఆ చెట్లలోకి చీకటి పడేముందు వెళ్లాలి. పడమటి నుంచి మంచు మబ్బులు వస్తున్నాయి. నేనూ వస్తానన్నాను. అప్పటికే నా రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి, విన్నీ సీసా పట్టదు. "నువ్వు ఇంటికెళ్లు," అన్నాడు హోలిస్. "బ్రాంట్ ఉంటాడుగా తోడు," అన్నాను. ఇద్దరం బ్రాంట్ వైపు చూశాం.

"నాకు మోకాలు," అన్నాడు బ్రాంట్.

పికప్‌లో హీటర్ పెట్టుకుని, డార్లా కట్టిచ్చిన శాండ్‌విచ్ తింటూ నన్ను కిందికి తీసుకొచ్చాడు.

"మీ ఆయనకి చాదస్తం ఎక్కువ," అన్నాడు.

"నీ తూటాకి ధైర్యం ఎక్కువ. నువ్వు వెళ్లని చోటికల్లా వెళ్తుంది."

"తగల్లేదన్నాగా."

"అయితే ఆ తగలని చోటు నువ్వే చూసి రావాల్సింది."

"మోకాలు నిజంగానే నొప్పి. డాక్టరు చెప్పాడు, వాలు మీద నడవొద్దని."

"ఎల్క్‌లు వాలు మీదే ఉంటాయని డాక్టరుకి చెప్పావా?"

రేడియో గొంతు పెంచాడు.

ఆ సాయంత్రం మంచు పడింది. హోలిస్ రాలేదు. డార్లా నాతోనే ఉండిపోయింది. బ్రాంట్ ఇంటికి వెళ్లి పడుకున్నాడు, మర్నాడు షాపు తెరవాలట. నేను విన్నీకి పాలిచ్చాను, మళ్లీ ఇచ్చాను, దానికి అక్కర్లేకపోయినా ఇచ్చాను. ఫోన్ చేస్తే తాత ఒకటే అన్నాడు: "హోలిస్‌కి ఆగడం తెలుసు. తెల్లారగానే గుర్రాలతో వెళ్దాం."

తెల్లారింది. విన్నీని ఎత్తుకుని డార్లా, నేను ఆ మంచు దారిలో తాత ఇంటికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. తాత రెండో గుర్రానికి జీను బిగిస్తుండగా కంచె దగ్గర హోలిస్ కనిపించాడు. మొహం బూడిద రంగులో ఉంది. వీపున ఒక జబ్బ మాంసం. దగ్గరికి వస్తుంటే వాసన ముందు వచ్చింది. కడుపు చిల్లుపడి లోపలిదంతా మాంసంలోకి కారితే వచ్చే వాసన అది. నేను అతన్ని గట్టిగా పట్టుకున్నాను, ఆ వాసనతోనే.

గుమ్మం మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ చెప్పాడు. వాలు మీద కాస్త రక్తం, దాంట్లో నమిలిన గడ్డి. మంచు పడి జాడ మూసుకుపోయింది. ఒక స్ప్రూస్ చెట్టు కింద నిప్పు వేసుకుని కూర్చున్నాడు. వెలుతురు రాగానే కాకులు అరిచిన వైపు వెళితే, మానుల మధ్య పోతు పడుకుని ఉంది.

"బతికే ఉంది," అన్నాడు. "తలెత్తి నన్ను చూసింది. లేవలేకపోయింది."

దాని చుట్టూ మంచులో ఎలుగు అడుగులు ఉన్నాయట. ఒక్కో అడుగూ తాత ప్లేటంత. ఒక చుట్టు తిరిగి, మళ్లీ ఇంకో చుట్టు తిరిగి, ఎటూ వెళ్లకుండా పక్కనే ఎక్కడో ఆగింది. హోలిస్ మా వంటిల్లంత దూరం నుంచి ఆ పోతును ముగించాడు. చంపిన తూటా తనది కాబట్టి, సర్కారు లెక్కన తన చీటీ చింపి దానికి కట్టాడు. చెడిపోని మాంసం కోసుకుంటుండగా చెట్ల వెనక కొమ్మ విరిగింది. ఆ జబ్బ మాత్రం తీసుకుని, ముఖం అటే పెట్టి, వెనక్కి నడుచుకుంటూ వచ్చేశాడు.

చలికాలమంతా తినడానికి ఇక మాకు మిగిలింది ఆ ఒక్క జబ్బే. అయినా మనిషి వచ్చాడు. నేను మాంసం గురించి మాట్లాడను.

మధ్యాహ్నం బ్రాంట్ డార్లాను తీసుకెళ్లడానికి వచ్చాడు. హోలిస్ కళ్ల కిందికి దిగిన నలుపు అతనికి కనిపించలేదు. కుళాయి కింద నేను కడుగుతున్న మాంసం కనిపించింది.

"అయితే దొరికిందన్నమాట! కొమ్ములు తేలేదా?" అన్నాడు.

తాత, కడుపులోంచి దూసుకొచ్చి ఆ జబ్బ వెనక మాంసంలో ఆగిన తూటా ముక్కను ఒక కాగితం ప్లేటులో వేసి బ్రాంట్ ముందు పెట్టాడు. ఆ ఆదివారం కుక్క నాకిన ప్లేటే.

"ఇది నాదని ఏముంది? తూటాలన్నీ ఒకలాగే ఉంటాయి తాతా."

"అవును. మనుషులే ఒకలా ఉండరు," అన్నాడు తాత. ఆ ప్లేటును షెడ్డుకు పట్టుకెళ్లి, మా చిల్లుల ప్లేట్ల పక్కన మేకు కొట్టాడు. మేకు చిల్లు తప్ప దానికి ఇంకో చిల్లు లేదు. "ఇదీ నీ దూరం."

"ఎంతని?"

"ఏమీ లేదని."

బ్రాంట్ నవ్వాడు. సిగ్గుపడ్డాడని మీరు అనుకునేరు. పికప్ ఎక్కుతూ జేబు తట్టుకుని, "నా చీటీ ఇంకా ఉందిగా, శనివారం మళ్లీ వెళ్తా. పోయినసారి గాలి మీదే పొరపాటు," అన్నాడు. పైనుంచి పోయింది అన్నవాడికి గాలి సంగతి ఎలా తెలిసిందో నన్నడక్కండి.

కథ ఇక్కడ అయిపోతే నేను హాయిగా పడుకునేదాన్ని. కానీ ఆ శనివారం బ్రాంట్ కంటే ముందు హోలిస్ లేచాడు. చీటీ లేదు కాబట్టి తుపాకీ తీసుకోలేదు. ఎలుగు మీద చల్లే స్ప్రే డబ్బా నడుముకు కట్టుకున్నాడు, నారింజ రంగు చొక్కా వేసుకున్నాడు.

"నీకు చీటీ లేదు, కొండ మీద నీకేం పని?" అన్నాను.

"అవతలి వాలుకి వెళ్లి కూర్చుంటా."

"ఏ అవతలి వాలు?"

చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. తూటా పడే వైపు.

"నీకు మతిపోయిందా? వాడు కాల్చే వైపుకి పోయి కూర్చుంటావా?"

"అంత దూరంలో ఎల్క్ వెంట్రుకలు కూడా కనిపిస్తాయంటాడుగా. నారింజ చొక్కా కనిపించదా?"

"కనిపిస్తే?"

"నేనున్నంతసేపు కాల్చలేడు. కావాలంటే దిగి, వాగు దాటి, ఎక్కి, దగ్గరికొచ్చి కాల్చుకోమను. వస్తే నేనే మంద ఎక్కడుందో చూపిస్తా."

"గాలి సున్నా అన్న మనిషి వాడు! నువ్వు అక్కడ లేవనుకుంటే?"

విన్నీ నెత్తి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం అంతే. బ్రాంట్ మోకాలు ఇంకా ఆ వాలు దిగలేదు. పైన కూర్చుని దుర్భిణిలో మా ఆయన్ని చూస్తుంటాడట, 'నీ మొగుడు నా వేట చెడగొడుతున్నాడు' అని డార్లాతో కబురు పంపుతాడు. ఒక మనిషిని తుపాకీ మీది దుర్భిణిలో చూడకూడదని మా పిల్లలకు నడక కంటే ముందు నేర్పుతాం. ఆ సంగతి కూడా బ్రాంట్ గారి పద్ధతిలో ఉన్నట్టు లేదు.

కోర్టుకెక్కే విషయం కాదు, అక్కతో పోట్లాడే విషయం కాదు. నేను విన్నీని వదిలి వెళ్లలేను. అందుకని సారెల్ క్రీక్ వైపు వెళ్లే మిమ్మల్ని అడుగుతున్నాను. వేట కాలం ముగిసేదాకా, ఏ శనివారమైనా సరే. దారి చివర రెండు పికప్‌లు ఆగి ఉంటాయి. నల్లటి కొత్తదాని ఇంజన్ తిరుగుతూ ఉంటుంది, లోపల హీటర్ ఉంటుంది. అందులోని మనిషి గురించి మీరేం బెంగపడక్కర్లేదు, అతను ఎప్పుడూ బాగానే ఉంటాడు. తలుపు సొట్టబోయిన ఆకుపచ్చది మాది. దాని పక్కన ఆగి హారన్ కొట్టండి. లోయ అవతల, కాలిన చెట్ల కింద నారింజ చొక్కా లేచి చెయ్యి ఊపుతుంది. ఊపితే మీరూ ఊపి, మీ దారిన మీరు వెళ్లండి.

ఊపకపోతే మాత్రం ఇవతలి నుంచే చూసి, ఏమీ లేదులే అనుకోకండి. దయచేసి నడిచి వెళ్లి చూడండి.